ఇస్కూలులోని ‘ఇ’

నా చిన్నప్పుడు మా ఉద్దానంలో ‘ఇస్కూలు’ అనని మనిషి లేడు. స్కూలుకి ఇస్కూలు, స్టేషనుకి ఇస్టేషను. ముందు ఒక ‘ఇ’ తగిలిస్తే గానీ కొన్ని ఇంగ్లీషు మాటలు మా నోట పలికేవి కావు. పట్నం చుట్టాలు అది విని నవ్వితే నాకు ఒళ్లు మండేది. మా ఇ మాది, మీకేం నష్టమని పోట్లాడేదాన్ని. ఆ ఇ మా ఇంట్లో ఎంత పని చేస్తుందో అప్పటికి నాకేం తెలుసు!

పక్కింటి అక్క టెక్కలి కాలేజీలో డిగ్రీ చదివి, ఎమ్మే సీటు కోసం పెద్ద ఇంగ్లీషు పరీక్షకు తయారవుతుండేది. అందులో ఒక మాట ఇచ్చి, దానికి ముందో వెనకో ఒక ముక్క చేర్చి వాక్యానికి సరిపడే కొత్త మాట చెయ్యమంటారు. అక్కకి ఆ ముక్కలతోనే తంటా అంతా. సాయంత్రాలు అరుగు మీద జీడిపప్పు పొట్టు తీస్తూ వల్లె వేసేది. పక్కన చేరి నేనూ అప్పజెప్పేదాన్ని. ‘హ్యాపీ’కి ముందు ‘అన్’ పెడితే సంతోషం కాస్తా పోతుంది. ‘రెగ్యులర్’కి ముందు ‘ఇర్’ పెడితే పద్ధతి తప్పుతుంది. వెనక ముక్కలు ఎలా ఉన్నా పరవాలేదు గానీ ముందు ముక్కని చూసుకోవాలని, అది మాటని తలకిందులు చేసేస్తుందని అక్క పదేపదే చెప్పేది. నాకు అదొక ఆటలా ఉండేది.

మా నాన్నది కొబ్బరికాయల లోడింగు పని. తోటలోకి లారీ వస్తే వెనక నిలబడి ‘రివర్స్, రివర్స్’ అని ఊరంతా వినబడేలా కేకలేసేవాడు. ఆ ఏడు ఆయన కాళ్లు పొంగాయి, మొహం ఉబ్బింది. మా వైపు కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు కనుక అదేమిటని ఎవరూ అడగలేదు. టెక్కలిలో డాక్టరు మందులు రాసి, ఉప్పు మానమన్నాడు. రెండోసారి వెళ్లినప్పుడు ఇద్దరు డాక్టర్లు తమలో తాము ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే ‘ఇర్రివర్సిబుల్’ అన్న మాట నాన్న చెవిన పడింది.

ఇంటికొస్తూనే అమ్మని కేకేశాడు. “ఒలే, రివర్సంట! జబ్బు ఎనక్కెల్లిపోతాదంట. ఆ డాక్టరూ మనోడేనే, ఇస్కూలన్నట్టే ఇర్రివర్సన్నాడు!”

అమ్మ అప్పటికప్పుడు దేవుడికి దీపం పెట్టింది. పోయే జబ్బుకి మందులెందుకని నాన్న మాత్రల సంచీ అటకెక్కించేశాడు. చప్పిడి కూడు పక్కకు తోసి ఎండుచేపల పులుసు వండించుకున్నాడు. పొంగిన కాళ్లతోనే మళ్లీ లోడింగుకి బయలుదేరాడు, నవ్వుకుంటూ. నాకు మాత్రం అది ఏ ఇర్రో తెలుసు, జబ్బు ఇక వెనక్కి వెళ్లదని చెప్పే ఇర్ అది.

వారం రోజులు లోపలే దాచుకుని, చివరికి పరుగెత్తుకెళ్లి అక్కకి చెప్పాను. ఇప్పుడే పోయి నాన్నకి చెప్పేస్తానంటే అక్క నా జబ్బ పట్టుకుని ఆపింది. అలా నెత్తిన పడేస్తే మనిషి అక్కడే కూలిపోతాడంది. అలాగని ఊరుకుంటే ఆ ఉప్పే ఆయన్ని తినేస్తుందని కూడా అంది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, పరీక్ష దగ్గర పడింది సిన్నాన్నా, నువ్వు కూడా నాతో కాసేపు ఆడాలని నాన్నని కూర్చోబెట్టింది.

ముందు తెలుగు మాటలే. న్యాయమంటే అన్యాయమన్నాడు, ధర్మమంటే అధర్మమన్నాడు. ఇదేం పరీక్షే, మీ సిన్నమ్మ కూడా పాసైపోతాదని నవ్వాడు. తర్వాత అక్క రెగ్యులర్ అంటే ఏమిటని అడిగింది. రోజూ టైముకొచ్చే బస్సన్నాడు. మరి ఇర్రెగ్యులర్ అంటే? మన పలాస బస్సని తొడ చరుచుకున్నాడు. అక్క మూడో మాట అడగలేదు. నాన్న పొంగిన కాళ్ల వైపే చూస్తూ కూర్చుంది.

నాన్న నవ్వు మెల్లగా ఆగింది. పెదాలు కదిలాయి. ఏదో మాటని ఇర్‌తో ఒకసారి, ఇర్ లేకుండా ఒకసారి లోలోపల అనుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది.

“అయితే అది ఇస్కూలు ఇ కాదన్నమాట,” అన్నాడు చివరికి. తర్వాత అక్క వైపు చూసి, “ఆ ముక్క పీకీడానికి నీ పుస్తకంలో ఏటీ నేదేటమ్మా?” అని అడిగాడు.

“నేదు సిన్నాన్నా,” అంటూ అక్క ఏడ్చేసింది. ఏడుస్తూనే చెప్పింది. “రివర్సు నేదు గానీ బ్రేకుంది. మాత్రలేసుకో, ఉప్పు మానేయి. జబ్బు నెమ్మదిగా ముందుకెల్తాది.”

నాన్న లేచి, అటక మీంచి సంచీ దించమని అమ్మకి చెప్పాడు. ఆ తర్వాత ఒక్కపూట కూడా మందు మానలేదు. నేను కాలేజీలో చేరేదాకా ఉన్నాడు. అంతే ఉన్నాడు.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషు చెప్పుకునే బతుకుతున్నాను. ఎవరికైనా చెడ్డమాట చెప్పాల్సి వస్తే అక్కలాగే ముందు పక్కన కూర్చుంటాను. చెప్పాల్సింది మాత్రం దాచను. కానీ పిల్లలు ఇస్కూలు అంటే తోటి టీచర్లు దిద్దుతారు, నేను దిద్దలేను. ఆ ఇ పట్టుకునే మా నాన్న ఒక వారం పాటు జబ్బు లేని మనిషిలా బతికాడు.