నర్సవ్వ మనుమరాలి ఎముకలు

2009, చెరుకు కోతల కాలం. నిజామాబాద్‌లో ఒక పిల్లల ఆసుపత్రిలో నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. డార్క్‌రూమ్‌లో, అంటే ఎర్ర బల్బు తప్ప మరో వెలుతురు లేని గదిలో, ఫిల్మును మందునీళ్లలో ముంచితే ఎముకలు మెల్లగా తేలివస్తాయి. ఎన్నేళ్లు చేసినా అది నాకు కల కంటున్నట్టే ఉండేది. ఎవరో తలుపు బాదితేనే మెలకువ.

ఆ మధ్యాహ్నం బోధన్ వైపు నుంచి సుజాత అనే అమ్మాయి ఏడాది నిండని కూతుర్ని తెచ్చింది. పాప తొడ వాచిపోయింది. వెంట వచ్చిన అత్త నర్సవ్వ ఆమెకు సొంత మేనత్తే. అన్న బిడ్డనే కోడలిగా చేసుకుంది.

"యాడనో పడేసింది సారూ, చెప్తలేదు. దీన్ని తల్లిగారింట్ల దించుతం. పిల్లను మాత్రం ఇయ్యం," అంది నర్సవ్వ.

"నేను పడెయ్యలే అత్తా," అంది సుజాత.

డాక్టరమ్మ ఒళ్లంతా ఎక్స్‌రే తీయమంది. మబ్బు వెనక చందమామలా పలచటి ఎముకలు. చేతిలో, పక్కటెముకల్లో ఎప్పుడో విరిగి అతుక్కున్న గుర్తులు. పిల్లను కొట్టినా ఇలాగే కనిపిస్తుంది. నేను సుజాత వైపు చూశాను.

"నీళ్లెవరు పోస్తరు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నేనే. కాళ్ల మీద పండవెట్టి, నూనె రాసి, కాళ్లు చేతులు మంచిగ గుంజి పోస్త. నా కొడుకులను గట్లనే పెంచిన," అంది నర్సవ్వ గర్వంగా.

ఇకపై గుంజవద్దని గట్టిగా చెప్పి, డాక్టరమ్మ పాప రక్తం పరీక్షకు హైదరాబాద్ పంపింది. తల్లిని పంపవద్దనీ బతిమాలింది. నర్సవ్వ వింటేగా! సుజాతను పుట్టింట్లో దించేశారు.

మూడు నెలలకు జవాబు వచ్చింది. అదే వారం నర్సవ్వ పాపను ఎత్తుకొచ్చింది. ఈసారి చెయ్యి.

"అంగీ తొడుగుతుంటె పుటుక్కుమంది. నేనేం చెయ్యలే సారూ! ఊరంత నన్నే అంటున్నరు," అని ఏడ్చింది.

పాపలో చెడింది పీపీఐబీ అనే జన్యువు. ఎముకలోని కొలాజెన్ అనే ప్రొటీన్ సరిగ్గా మడత పడేలా చేసే ఎంజైమ్‌ను ఆ జన్యువే తయారుచేయిస్తుంది. నర్సవ్వ బీడీలు చుడుతుందని తెలిసి డాక్టరమ్మ అడిగింది:

"అవ్వా, ఆకు మంచిదే, తంబాకు మంచిదే. కొస మడత వడకపోతే?"

"విచ్చుకపోతది."

"పాప ఎముకలు గట్లనే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువు వచ్చింది. ఇద్దరికీ మీ తల్లిగారింటి నుంచే వచ్చి ఉంటది. ఎవ్వరూ పడెయ్యలే."

పాప చేతికి కట్టు కట్టాక, నర్సవ్వకు బస్టాండు దాకా ఆటో మాట్లాడి, ఏ ఊరికని అడిగాను.

"మా అన్న ఇంటికి. నా కోడలు కాళ్లు వట్టుకోవాలె."

ఎముక విరిగిందని నా ఫిల్ము చెబుతుంది, ఎవరివల్లో చెప్పదు. ఆ సంగతి నేను నేర్చుకున్నది ఆ రోజే. మేమంతా అది తెలుసుకునేలోగా ఒక తల్లి మూడు నెలలు ఒళ్లో బిడ్డ లేకుండా గడిపింది.