జల్లెడక్క జిన్ పాఠాలు

జిన్ తయారు చేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె జల్లెడక్క. ఇరవై ఆరేళ్ళుగా సామాన్ల గదిలో జల్లెడ పట్టడమే ఆమె పని. గోనెసంచుల్లో వచ్చే జూనిపర్ కాయల్ని మూడు జల్లెళ్ళలో పోసి, పుల్లలూ ఆకులూ వడిలిపోయిన కాయలూ ఏరిపారేసి, మిగిలినవి తూచి బట్టీల దగ్గరికి పంపాలి. శనగగింజంత ఉండే ఆ నల్లటి కాయ లేనిదే జిన్ లేదు. దాని వెనక ధనియాలు, ఎండిన నారింజ తొక్కలు, అతిమధురం, రెండు మూడు రకాల వేర్లు. అన్నీ ఆమె చేతుల మీదుగానే లోపలికి వెళ్ళేవి. వెళ్ళి ఏమవుతాయో ఆమె పట్టించుకోలేదు. అన్నేళ్ళలో ఒక్క చుక్క కూడా నాలిక మీద వేసుకోలేదు.

యాభై మూడో ఏట మోకాళ్ళు మొండికేశాయి. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి, "ఇంకా బస్తాలు ఎత్తుతున్నారా?" అని అడిగాడు, దొంగతనం ఏదో బయటపడ్డట్టు. ఆ వారమే మేనేజరు పిలిపించాడు. ఆమెకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, చెడ్డవాడు కాదు.

"అక్కా, మిమ్మల్ని ఇంటికి పంపడం నాకిష్టం లేదు. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం పైన గది కట్టాం కదా. వాళ్ళని తిప్పి చూపించి, జిన్ కథ చెప్పి, చివర్లో రుచి చూపించాలి. చేస్తారా?"

"కూర్చుని చేసే పనేనా అండీ?"

"కూర్చునీ... నిలబడీ."

నిలబడే పనేనని ఆమెకు అర్థమైంది. అయినా తలూపింది. పెన్షన్ ఇంకా ఏడేళ్ళ దూరంలో ఉంది. ఇంట్లో ఉన్నది రెండు ప్రాణాలే అయినా నడిపేది ఆ ఒక్క జీతమే. ఆమెకు పెళ్ళి కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడిగేవాళ్ళు కూడా ఒక్కొక్కరే తగ్గిపోయారు. రెండో ప్రాణం ఆమె అన్నయ్య.

ఆ అన్నయ్య ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో పెద్ద బట్టీ మేస్త్రి. రాగి బట్టీలోంచి కారే మొదటి ధార పనికిరాదు, చివరి ధార పనికిరాదు, నడిమి ధారే సరుకు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో మీటర్లు చెప్పేలోపే ఆయన ముక్కు చెప్పేది. ముక్కుతో మొదలైంది నాలిక దాకా వచ్చింది, నాలిక నుంచి గొంతులోకి దిగింది. పదకొండేళ్ళ కిందట ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వదిన కూతుర్ని తీసుకుని వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మీదట కాలేయం పాడైంది. ఆస్పత్రి నుంచి చెల్లెలింటి వెనక గదిలోకి వచ్చి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ముట్టలేదు. ముట్టలేదని ఎవరూ ఒట్టేసి చెప్పరు గానీ, రోజూ సాయంత్రం తలుపు తీయగానే ఆమె ముక్కు ముందు వెళ్ళి చూసి వచ్చేది.

కొత్త పని సంగతి అన్నయ్యకు చెప్పలేదు. ప్యాకింగులోకి మార్చారని చెప్పింది.

పాఠాలు నెలరోజులు, మధ్యాహ్నం రెండింటికి, పై గదిలో. నేర్చుకునేవాళ్ళు ఆరుగురు. మిగతా ఐదుగురూ పిల్లల ఈడువాళ్ళు. చెప్పేది ఒక టీచరమ్మ, ముప్పై దాటి ఉండవు. నలభై పేజీల పుస్తకం అందరి చేతుల్లో పెట్టి, "ఇది కంఠతా రావాలి" అంది. చివర్లో మేనేజరు ముందు పరీక్ష.

కథ వరకూ బాగానే ఉంది. మొదట డచ్చివాళ్ళు దీన్ని కడుపునొప్పికీ మూత్రపిండాలకీ తాగేవారట. మందు అనే మాటకున్న రెండర్థాలూ అప్పట్లో ఒకే సీసాలో ఉండేవన్నమాట. అక్కడ యుద్ధానికి వెళ్ళిన ఇంగ్లీషు సైనికులు ధైర్యం కోసం తాగి, అలవాటును ఇంటికి మోసుకెళ్ళారు. ఇంగ్లండు రాజు ఫ్రెంచి బ్రాందీ మీద కోపంతో, కాచుకునేవాళ్ళు కాచుకోండని తలుపులు బార్లా తెరిచాడు. ఆ తర్వాత రకాలు: బరువుగా ధాన్యం రుచితో ఉండే డచ్చి పాతరకం, తియ్యగా ఉండే ఓల్డ్ టామ్, తీపి లేని లండన్ డ్రై.

"లండన్ డ్రై లండన్‌లోనే చేయక్కర్లేదు" అంది టీచరమ్మ. "అది పద్ధతి పేరు. రుచులన్నీ బట్టీలోనే రావాలి, దించాక నీళ్ళు తప్ప ఏమీ కలపకూడదు."

జల్లెడక్క రాసుకుంది. ఏళ్ళూ తేదీలూ మాత్రం జల్లెడలో పోసిన నీళ్ళే అయ్యాయి. పదిహేడు వందల ఏదో, పద్దెనిమిది వందల ఏదో. బస్సులో వల్లె వేసుకుంటూ వెళ్ళేది, దిగే స్టాపు దాటిపోయేది.

అసలు చిక్కు రుచి దగ్గర వచ్చింది. మూడు గ్లాసులు పెట్టి, కొంచెం నీళ్ళు కలిపి, నోరు కాస్త తెరిచి వాసన చూడమన్నారు. తర్వాత కొద్దిగా నోట్లోకి తీసుకుని తిప్పి పక్కనున్న కప్పులో ఉమ్మేయాలి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చెప్పేస్తున్నారు, మిరియాలని ఒకరు, పైన్ చెట్లని ఒకరు, వానకి తడిసిన మట్టి అని ఒకరు.

"మీకేం తెలుస్తోందమ్మా?" అని టీచరమ్మ ఆమెనడిగింది.

"మందు వాసనండి."

అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వాపుకుంటూ, "ఇంకా లోపలికి వెళ్ళండి" అంది. లోపలికి వెళ్ళడానికి ఆమెకు భయం. పొడి ధనియాలు గుప్పిట్లో పెడితే ఏ సంవత్సరం పంటో చెప్పగల మనిషి. అవే ధనియాలు స్పిరిట్‌లో నానాక, ఆ గ్లాసు అడుగున ఆమెకు తగిలేది అన్నయ్య చొక్కా. పడిపోయిన మనిషిని తిరగేసి పక్కకి పడుకోబెట్టేటప్పుడు ముక్కుకి కొట్టే చొక్కా కాలరు. ఈ మాట క్లాసులో ఏమని చెబుతుంది? వారం చివర వేసిన మార్కుల్లో ఆమెదే ఆఖరు.

ఆ ఆదివారం పొద్దున ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి అన్నయ్య టేబులు ముందు కూర్చుని ఆ పుస్తకం చదువుతున్నాడు. కళ్ళద్దాలు ముక్కు చివరకు జారి ఉన్నాయి.

"పన్నెండో పేజీలో తప్పుంది" అన్నాడు తలెత్తకుండా. "ఎవరో డాక్టరు కనిపెట్టాడని రాశారు. ఆయన పుట్టకముందే తాగేవాళ్ళు."

ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంది. "ప్యాకింగు అని అబద్ధం చెప్పా."

"తెలుసు. ప్యాకింగు నుంచి వచ్చేవాళ్ళ దగ్గర అట్టపెట్టెల వాసన రావాలి." పేజీ తిప్పాడు. "ఎక్కడ ఆగిపోయావు?"

"రుచి దగ్గర. నాకు ఏదీ విడిగా తెలియట్లేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి పుస్తకం మీద పెట్టాడు. తర్వాత, "గ్లాసు తేవద్దు. గింజలు తే" అన్నాడు.

అలా ఇంట్లో ఇంకో పాఠం మొదలైంది. ఫ్యాక్టరీలో ఏరి పారేసిన సరుకు చిటికెడు చిటికెడు కాగితంలో చుట్టి తెచ్చేది. పొద్దున్నే పనికి వెళ్ళేముందు అరగంట, టీ తాగాక, అన్నయ్య ఒక్కొక్కటీ నమలమనేవాడు.

"ముందు పైకొచ్చేది తొక్క. నారింజ, నిమ్మ. అది చిన్నపిల్ల లాంటిది, ఒకచోట నిలవదు. దాని వెనక మన కాయ, ధనియాలు. ఆఖర్న వేరు. ధార కూడా ఇదే వరసలో వస్తుంది. నువ్వు అన్నీ ఒకేసారి పట్టుకుందామని చూస్తున్నావు. సంతలో అందరి మాటా ఒకేసారి వినబడుతుందా? వరసలో నిలబెట్టు."

"గ్లాసు దగ్గర పెట్టుకోగానే కళ్ళు మూసుకోమంటుంది టీచరమ్మ."

"మూసుకోకు. మూసుకుంటే నేను కనిపిస్తా."

ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు, బాధపడుతూనూ అనలేదు. ఇంటి పైకప్పు కారుతోందని చెప్పినట్టు చెప్పాడు. మర్నాడు ఆమె కళ్ళు తెరిచే గ్లాసు పట్టుకుంది. ఎదురుగా గోడ మీదున్న ఫ్యాను స్విచ్చుని చూస్తూ, తొక్క, కాయ, వేరు అనుకుంది. నారింజ తొక్క ఒక్క క్షణం తగిలి జారిపోయింది. అదయినా తగిలింది.

అన్నయ్యలో హుషారు వచ్చింది. గడ్డం రోజూ గీసుకునేవాడు. నేవీ వాళ్ళ ఘాటు జిన్ గురించి, జ్వరం రాకుండా తాగే చేదు క్వినైన్ నీళ్ళలో జిన్ పోసుకున్న దొరల గురించి, చదువుకున్నవీ విన్నవీ కలిపి చెప్పేవాడు. ఆమె వింటూ, చాలా ఏళ్ళకి ఇంట్లో ఒక మనిషి ఉన్నాడనుకుంది. ఆ హుషారు దేని మీద నిలబడి ఉందో ఆలోచించలేదు.

మూడో వారంలో ఒక సాయంత్రం నాలుగున్నరకు గేటు దాటి బయటికి వస్తే, రోడ్డుకి అవతల బస్టాపు బల్ల మీద అన్నయ్య కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ రోడ్డు మొహం చూడలేదు.

ఆమె రోడ్డు దాటింది. "ఏంటన్నయ్యా ఇక్కడ?"

"ఏం లేదు."

"తాగావా?"

"లేదు."

ఆమె నమ్మలేదు. నలుగురూ చూస్తుండగానే వంగి ఆయన నోటి దగ్గర వాసన చూసింది. సబ్బు, దగ్గుబిళ్ళ. ఇంకేమీ లేదు. అప్పుడు పక్కన కూలబడింది.

"నిన్న తొక్క గురించి చెప్తుంటే నోట్లో నీళ్ళూరాయి" అన్నాడు ఆయన రోడ్డువైపు చూస్తూ. "పొద్దున్నుంచీ అదే ధ్యాస. లోపల ఇప్పుడు షాపు కూడా పెట్టారట కదా. డబ్బులు జేబులో వేసుకుని వచ్చా. గేటు దగ్గర కొత్తవాడు, నన్ను గుర్తుపట్టలేదు. వెళ్ళేవాణ్ణే. ఆయాసమొచ్చి కూర్చున్నా. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. ఇందులో నా గొప్పేం లేదు."

బట్టీల వైపు నుంచి గాలి వస్తోంది. ఏ ధార నడుస్తోందో ఇద్దరికీ తెలుస్తోంది. వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

"రేపట్నుంచి నేను మానేస్తాను" అందామె.

"మానేసి?"

ఆమె సంచిలోంచి బస్సు చిల్లర తీసి లెక్కపెట్టింది.

"నువ్వు వెళ్ళు. నన్ను అడగడం మానెయ్. గింజలు ఇంటికి తేకు. వచ్చి స్నానం చేసి నా గదిలోకి రా. అంతే."

రెండో బస్సు ఎక్కారు. ఆయనకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆమెకు దొరకలేదు.

మిగిలిన పది రోజులు ఒంటరిగానే నేర్చుకుంది. పొద్దున్నే ఇంట్లో టీ తాగేటప్పుడు ఇద్దరూ కరెంటు బిల్లు గురించీ పంపు గురించీ మాట్లాడుకునేవాళ్ళు. అన్నయ్య మళ్ళీ రెండు మూడు రోజులకోసారి గడ్డం గీసుకోవడంలోకి వచ్చాడు.

పరీక్ష రోజు రుచిలో ఆమెకు పదికి ఆరు వచ్చాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు. తర్వాత కథ చెప్పాలి. పుస్తకంలో లండన్ పిచ్చి రోజుల గురించి ఒక పేజీ ఉంది. జిన్ నీళ్ళకన్నా చవకై, వీధికి పది చోట్ల కాచి అమ్మిన కాలం. మెట్ల మీద దొర్లిన ఆడవాళ్ళ గురించి అందులో మూడు జోకులున్నాయి. వచ్చినవాళ్ళు నవ్వేది అక్కడేనని టీచరమ్మ చెప్పింది కూడా.

జల్లెడక్క ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి జోకులు నోటికి రాలేదు. వచ్చింది చెప్పింది. "అప్పట్లో పనులు లేక ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఒక్కో గదిలో పదిమంది ఉండేవాళ్ళు. ఆకలికీ చలికీ ఇదే మందు. తల్లులు తాగి పిల్లల్ని మర్చిపోయారు. ప్రభుత్వం చట్టం మీద చట్టం చేసింది, చాలాకాలం ఆగలేదు. ఆగేసరికి చాలామంది లేరు." అక్కడ ఆపి, తర్వాతి పేజీ ఎత్తుకుంది.

అంతా అయ్యాక మేనేజరు ఆమెను పక్కకి పిలిచాడు. "బాగా చెప్పారక్కా. కానీ జనం సరదాకి వస్తారు. ఆ పేజీ మీరు వదిలెయ్యండి. సైనికుల దగ్గర్నుంచి సరాసరి క్వినైన్‌లోకి వెళ్ళిపోండి."

"సరేనండి" అంది. వాదించడానికి ఓపిక లేదు. పైగా ఆయన చెప్పింది ఆమెకూ సులువే.

ఉద్యోగం నిలబడింది. రోజుకి మూడు గుంపులు, ఒక్కో గుంపుకి గంటన్నర, అందులో కూర్చునేది పది నిమిషాలు. మోకాళ్ళకి బస్తాలు తప్పాయి, మెట్లు వచ్చాయి. ఆ చలికాలంలో అన్నయ్య ఒకసారి తప్పాడు. నాలుగు రోజులు. తలుపు తీయగానే ఆమెకు తెలిసిపోయింది. ఇదివరకు తాగాడని మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఏం తాగాడో, ఎప్పుడు తాగాడో కూడా తెలిసింది. జిన్ కాదు. మూల దుకాణంలో దొరికే చవక రమ్ము, మధ్యాహ్నం మొదలుపెట్టింది. నెలరోజుల చదువు ఇంట్లో ఇందుకు పనికొచ్చిందనుకుంటూ ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. ఆస్పత్రివాళ్ళు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఆయన కూడా ముట్టని రోజుల్ని మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికి ఏడాదిన్నర.

ఈమధ్య ఒక గుంపులో ఒక పెద్దావిడ వచ్చింది. రుచి దగ్గర మిగతావాళ్ళు తొందరపడుతుంటే, ఆవిడ మాత్రం తొక్క, కాయ, వేరు అని వరసపెట్టి నేర్చుకుని, తెలిసిందని సంతోషపడింది.

"మీరేది తాగుతారు?" అని అడిగింది.

"నేను తాగనండి."

"మరి ఇంత బాగా ఎవరు నేర్పారు?"

"మా అన్నయ్య. ఇక్కడే పనిచేసేవాడు."

"ఇప్పుడు?"

"ఇంట్లో ఉంటాడు" అని చెప్పి, ఆవిడ ఉమ్మిన కప్పు అందుకుని, రైలింగు పట్టుకుని కిందికి దిగమని అందరికీ జాగ్రత్త చెప్పింది. మెట్లు పద్దెనిమిది. వాళ్ళందరూ దిగాక తాను దిగింది, ముందు ఎడమకాలు, తర్వాత కుడికాలు. మూడో గుంపు అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది.