మనోళ్లున్న దేశం

ఆ రోజుల్లో నడవడానికి విమానమెక్కి పోతారని మా శామీర్‌పేటలో ఎవరికైనా చెబితే నవ్విపోయేవాళ్లు. నాకు అప్పుడే గుండ్లపోచంపల్లిలో ఒక గోదాము ఆఫీసులో బిల్లులు కొట్టే ఉద్యోగం దొరికింది. పక్క సీట్లో పేట్ బషీరాబాద్ కాలనీ నుంచి వచ్చే భీమవరం అమ్మాయి కూర్చునేది. పొద్దస్తమానం ఫోన్లో పటాలే చూసేది కాబట్టి ఆఫీసంతా ఆమెను మ్యాపులమ్మ అని పిలిచేది. ఒకనాడు టిఫిన్ డబ్బా తెరుస్తూ, "ఓ వారం ఫారిన్ కొండల్లో నడిచొద్దామే. బస్సులూ షాపింగులూ ఏమీ వద్దు, నడకే," అంది. అప్పటికి నేను ఎక్కిన పెద్ద ఎత్తు మేడ్చల్ స్టేషన్లో పట్టాల మీది వంతెన. అయినా ఆ మాట మనసులో నాటుకుపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి వెంట, పెళ్లికో దినానికో పోయినదాన్ని. ఒక్కసారైనా ఎవరూ ఎరుగని చోట, నా ఇష్టానికి నడవాలని గట్టి ఆశ పుట్టింది. పాస్‌పోర్టు వచ్చేసింది. ఇక ఇంట్లో ఒప్పుకోవడమే మిగిలింది.

మా నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. సంగతి చెప్పగానే వల బాగుచేస్తున్న చెయ్యి ఆపి, "పైసలిచ్చి నడుసుడేంది బిడ్డా?" అన్నాడు. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక. తర్వాత అలవాటు ప్రకారం ఆ భారం మా అవ్వ, అంటే తన తల్లి మీదికి తోసేసి బయటికి నడిచాడు. మా అవ్వ వయసులో ఉన్నన్నాళ్లూ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. "గంపెత్తుకొని మేడ్చల్ దాక నడిచిన. ఎవ్వడన్న ఫొటో దీసిండా?" అని కాసేపు దెప్పింది. అంతలోనే మెత్తబడి, "పోతె పో. కని ఆడ మనోళ్లు ఎవరున్నరు?" అని అడిగింది.

అక్కడే వచ్చింది చిక్కు. అవ్వ లెక్కలో (చాలా ఇళ్లలో ఇప్పటికీ అంతే) మనవాళ్లు లేని ఊరికి పోవడమంటే దిక్కులేనివాళ్లలా పోవడం. నేనూ మ్యాపులమ్మా దేశాలను ఏరడం మొదలుపెట్టాం. జార్జియా అన్నాను. "ఎవరున్నరు?" "ఎవ్వరు లేరవ్వా." "వద్దు." వియత్నాం అన్నాను. "జరమొస్తె గంజి గాసిచ్చేటోళ్లెవరు?" నేపాల్ అన్నప్పుడు మాత్రం కొంచెం ఆలోచించి, మా వీధి చివరి అపార్టుమెంటు వాచ్‌మన్ నేపాలీ కదా, వాళ్లమ్మ ఇంట్లో దిగుతావా అంది. మ్యాపులమ్మ ఎత్తులూ దారులూ వాతావరణమూ చూసి దేశాలను తూకం వేస్తుంటే, మా అవ్వ ఒకే ఒక్క రాయితో అన్నింటినీ తూచి పక్కన పడేసింది.

చివరికి దేశాన్ని తేల్చింది కూడా అవ్వే. "మస్కట్ల మీ చిన్నత్త మరిది ఉన్నడు గద, డ్రైవర్ పని జేస్తడు. గాడికి పో." మస్కట్‌లో నడకేమిటి, ఎండకు మాడిపోతామని నేను ఏడుపు మొహం పెట్టాను. మ్యాపులమ్మ పటం తెరిచి, "ఒమాన్‌లో ఎంచక్కా కొండలున్నాయే! చలికాలం హాయిగా నడవొచ్చు," అని ఎగిరి గంతేసింది. అవ్వ ఆ రోజంతా మస్కట్‌ను తానే కనిపెట్టినట్టు తిరిగింది.

విమానం దిగేసరికి చిన్నత్త మరిది, నాకు వరసకు మామ, సెలవు పెట్టి, దోస్తు కారు తీసుకుని బయట నిలబడి ఉన్నాడు. మేం నడవాలనుకున్న దారులు చూపిస్తే చూడనేలేదు. "నేనుండంగ నువ్వు నడుసుడేంది కోడలా? మీ అవ్వ ముంగట నా ఇజ్జత్ పోదా?" అన్నాడు. ఇక చూసుకోండి, కొండలన్నీ కారు అద్దంలోంచే చూశాం. ఆకలి వేయకముందే అన్నం, దాహం వేయకముందే నీళ్లు. మ్యాపులమ్మ కొత్త బూట్లకు మట్టే అంటలేదు. దేశం దాటినా చుట్టం నీడ వదల్లేదని నాకు లోపల కుతకుతలాడిపోయింది.

ఆఖరి రోజు ఒక కొండ కింద కారాగగానే దిగిపోయి, "నువ్వు కోపంజేసినా సరే మామా, ఇయ్యాల నడుస్త. నడవనీకే వచ్చిన," అన్నాను. మామ నా మొహంకేసి చూసి, కారుకు తాళం వేసి, "పా మరి, నేను గూడ వస్త," అన్నాడు.

ఎక్కుతుంటే మాటల్లో తెలిసింది. ఎందరో టూరిస్టులను ఆ కొండ కింద దించాడట కానీ వాళ్లు తిరిగొచ్చేదాకా కారులోనే కూర్చునేవాడట. ఒక్కనాడూ పైకి పోలేదు. సగం దారికి నాకు ఆయాసం, మ్యాపులమ్మ కాళ్లకు బొబ్బలు. మామ మాత్రం డ్యూటీ బూట్లతోనే ముందు నడిచాడు. పైకి చేరాక ఒక బండ మీద కూర్చుని, ఊళ్లో ఉన్న తన భార్యకు ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు. "ఇగో, ఇయ్యాల నేను కార్ల కూసోలే. కోడలితోని కొండ మీదికొచ్చిన. పనేం లేదు, ఊకెనే వచ్చిన. మస్తుగుంది." ఊకెనే అంటున్నప్పుడు ఆయన గొంతులో పొంగిన సంతోషం విని నాకు కళ్లు చెమర్చాయి. అన్నేళ్లు పరాయి దేశంలో ఉండి, ఆ దేశాన్ని ఆయన చూడడం అదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆ తర్వాత అవ్వ పోయింది, అడిగేవాళ్లు లేరు. మనవాళ్లెవరూ లేని దేశాలే ఎంచుకుని రెండు మూడుసార్లు వెళ్లి, కాళ్లు నొప్పులు పుట్టేలా నడిచి వచ్చాను. బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు. అయితే ఏ విమానాశ్రయంలోనైనా తెలుగు మాట చెవిన పడితే చాలు, నేను బ్యాగు ఈడ్చుకుంటూ అటే పోతాను. "మీదే ఊరండి?" అని మొదలుపెట్టి చుట్టరికం కలిసేదాకా వదలను. మొన్న ఒక పెద్దాయన, తన విమానానికి పిలుస్తున్నారు వదలమ్మా అని బతిమాలుకున్నాడు. ఎలా వదులుతాను? ఆయన మేనత్తది మేడ్చలేనని అప్పుడే తేలింది మరి!