పిలిస్తేనే వెళ్లాల్సిన ఇల్లు

ప్లంబరు పనిలో ఇరవై ఆరేళ్లు అరిగిపోయిన మనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఎవరికి గుర్తుంటుంది? నట్లు బిగించే పానా చేతిలోంచి దిగేది కాదు కాబట్టి అందరికీ ఆయన పానాయే. ఎదురుగా పానాగారు, చాటున పానాగాడు. రెండూ ఆయన చెవిన పడేవి, రెండింటికీ పలికేవాడు. చుట్టుపక్కల ఏ ఇంటి గోడలో ఏ పైపు ఎటు తిరిగిందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇన్ని ఇళ్లు తెలిసిన మనిషికి తనదని చెప్పుకోవడానికి ఉన్నది రెండు గదుల ఇల్లు ఒక్కటే. దాని అప్పు తీరేసరికి యాభై దగ్గర పడ్డాయి.

తీరిందా, ఇక కాలు చాపుకుని కూర్చోవచ్చు కదా! లేదు. ఆ ఏడే ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. పుట్టించింది మోకాళ్లు.

"ఇంకో పదేళ్లకి నేను సింకు కింద దూరలేనే. దూరినా బయటికి రాలేను. అప్పుడు మనకి ఇంత తిండి పెట్టేది అద్దె ఒక్కటే. చిన్న ఫ్లాటు ఒకటి కొని అద్దెకిద్దాం" అన్నాడు భార్యతో.

ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పద్దెనిమిదేళ్లు కుట్టి దాచుకున్న డబ్బు ఆవిడ పేరు మీద ఉంది. ఆయన చూపు దాని మీదే ఉందని ఆవిడకు తెలియదా ఏం? మిషను ఆపి, "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, అద్దెకిచ్చి చూడు అని ఎవరూ అన్లేదండీ. చెప్పుకోడానికి కూడా నోరు రానంత కష్టమేమో కనుక్కోండి ముందు" అంది.

కనుక్కోవడానికి ఆయన వెళ్లింది పెద్దమ్మగారి దగ్గరికి. పెద్దమ్మగారంటే నాలుగిళ్లు అద్దెకిచ్చి, ఆ అద్దెలతోనే దర్జాగా బతుకుతున్న ముసలావిడ. ఆ నాలుగిళ్ల కుళాయిలూ బాగుచేసేది పానాయే. ఆ రోజు ఆవిడ వంటింట్లో వాషరు మారుస్తూ సంగతి కదిపాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇల్లు చూసి మురిసిపోకురా అబ్బాయ్, వీధి చూడు. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి వెళ్లి నిలబడు. టులెట్ బోర్డులెన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టు. ఎక్కువుంటే వెనక్కొచ్చెయ్. నీకు నచ్చితే ఏం లాభం? ఉండేవాడికి నచ్చాలి. బడో, బస్సో, ఆసుపత్రో నడిచే దూరంలో ఉండాలి. అమ్మేవాడి మాట వినకు, కింద వాచ్‌మన్ని అడుగు. అద్దె ఏడాదికి పది నెలలే వస్తుందనుకుని లెక్క వేసుకో. బ్యాంకువాడికి మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. మూడు నెలల వాయిదా పక్కన పెట్టాకే కొను, అది ఉందన్న సంగతే మర్చిపో. ఇంకోటి, నాలుగు డబ్బులు తక్కువొచ్చినా మంచివాళ్లకియ్యి."

చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన కూడా బుద్ధిగా విన్నాడు. నెల రోజులు వీధులు తిరిగాడు, బోర్డులు లెక్కపెట్టాడు, వాచ్‌మన్లకు టీలు తాగించాడు. చివరికి ఆసుపత్రి పక్క వీధిలో మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు కొన్నాడు. సగం బ్యాంకు అప్పు, సగం భార్య ఒప్పుకుని తీసిచ్చిన యూనిఫారాల డబ్బు. పైపులన్నీ పీకి తన చేత్తో కొత్తవి వేసుకున్నాడు. ఆ పైపులు చూసి మురిసిపోతుంటే భార్య, "పైపుల్లో కాపురం ఉంటారా ఎవరైనా, గోడలకి సున్నం వేయించండి" అని గదమాయించింది.

ఇంతవరకూ బాగానే ఉంది. పొరపాటు ఆ తర్వాత జరిగింది. అది పానా లాంటివాడు తప్ప ఇంకొకడు చెయ్యలేని పొరపాటు.

ఇప్పుడు అత్తారింట్లో ఉన్న వాళ్ల కూతురికి రెండేళ్లప్పుడు, వాళ్లు అద్దె కొంపలో ఉండగా, పాయిఖానాలో నీళ్ల తొట్టి పాడైంది. సొంతంగా ముట్టుకోకూడదని ఇంటివాడి షరతు. ఆ ఇంటివాడు పదకొండు రోజులు తొంగి చూడలేదు. ఊళ్లో అందరి తొట్లూ బాగుచేసే మనిషి, తన ఇంట్లో బకెట్లు మోశాడు. ఆ కడుపుమంట ఆయనకు ఇప్పటికీ చల్లారలేదు. తాను ఇంటివాడైతే అలా ఉండకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకని మొదట దిగిన గుమస్తా కుటుంబాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సంచీ భుజానేసుకుని హాజరు. "ఏం లేదండీ, ఊరికే ఓసారి చూసి పోదామని" అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్లిపోయేవాడు. కారని కుళాయిని ఇంకో చుట్టు బిగించేవాడు. సింకు కింద దూరి నట్టు తిప్పి చూసేవాడు. వాళ్లు నాలుగో నెలలో వేరే ఊరు వెళ్తున్నామని ఖాళీ చేశారు. రెండు నెలలు ఇల్లు ఖాళీ. తర్వాత దిగిన కొత్త దంపతులకూ అదే సేవ. వాళ్లు అయిదు నెలలుండి, నాన్నకి ఒంట్లో బాగాలేదని వెళ్లిపోయారు. మళ్లీ రెండు నెలలు ఖాళీ. పక్కన పెట్టిన మూడు నెలల వాయిదా ఆవిరైపోయింది, నాలుగోది మిషను తిప్పి కట్టారు.

"ఇంకొక్కసారి ఖాళీ అయిందంటే అమ్మేద్దామండీ" అంది భార్య ఒక రోజు, బట్ట మీంచి తల ఎత్తకుండానే. "ఇప్పుడమ్మితే నేను కుట్టిందాంట్లో సగం పోతుంది. పోతే పోయింది. మొత్తం పోకముందే బయటపడదాం."

ఆవిడ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

ఆ వారంలోనే, రెండు వీధుల అవతల, వేరే ఊరు వెళ్లానన్న గుమస్తా కూరల సంచీతో ఎదురుపడ్డాడు. తప్పించుకోబోయాడు గానీ పానా వదుల్తాడా! "ఇంట్లో లోపమేంటో చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది" అని చెయ్యి పట్టుకున్నాడు.

గుమస్తా అటూ ఇటూ చూసి, "ఇంటికే వంకా లేదు పానాగారూ. అలాంటి ఇల్లు మాకు మళ్లీ దొరకలేదు. కానీ ఆదివారం ఒక్కరోజు కాస్త ఆలస్యంగా లేద్దామంటే మీరు దిగేవారు. మా ఆవిడ నైటీలో కాఫీ అయినా తాగలేకపోయేది. మీరు చేసేది మంచే, అందుకే వద్దనలేక ఇల్లు మారాం" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే భార్య కుడుతున్న బట్ట పక్కన పెట్టింది. "నాకప్పుడే అనిపించింది. మీ ముచ్చట చూసి ఊరుకున్నాను. తప్పులో నాకూ వాటా ఉంది" అంది.

మూడోసారి ఒక నర్సు, తల్లితో కలిసి దిగింది. "మూడు నెలలు చూస్తాం అంకుల్. నచ్చితే ఉంటాం, లేకపోతే లేదు" అని ముందే తేల్చి చెప్పింది. పానా తలూపాడు, తాళాలిచ్చి వచ్చేశాడు.

ఇక ఆదివారాలొస్తే ఆయన అవస్థ చూడాలి! కాలుగాలిన పిల్లిలా ఇంట్లోనే తిరిగేవాడు. సొంత కుళాయిలన్నీ విప్పి మళ్లీ బిగించేవాడు. "అవేం పాపం చేశాయండీ, వదిలెయ్యండి వాటిని" అని భార్య మొత్తుకునేది. రెండో ఆదివారం ఆసుపత్రి వీధి మొగదాకా వెళ్లి, తనను తానే తిట్టుకుని వెనక్కొచ్చాడు. తర్వాత అదీ మానేశాడు.

మూడు నెలలు నిండటానికి ఇంకా నాలుగు రోజులుందనగా నర్సు ఫోను చేసింది. "అంకుల్, ఓసారి రాగలరా? మీతో మాట్లాడాలి."

భార్యాభర్తలు మొహమొహాలు చూసుకున్నారు. మాట్లాడాలి అన్నారంటే ఇంకేముంది? భార్య ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఆయన దారిపొడుగునా ఇంటి ధర ఎంత తగ్గించి చెబితే త్వరగా అమ్ముడవుతుందో లెక్కలు వేసుకుంటూ నడిచాడు.

తలుపు ముందు నిలబడి గంట కొట్టి, లోపలికి రమ్మనేదాకా ఆగాడు. ఇల్లు గుర్తుపట్టలేకపోయాడు. కిటికీకి పచ్చ కర్టెను, గోడకు ఫోటోలు, ఆయన బీరువాకు అనుకున్న మూల నర్సు తల్లి మంచం. డ్యూటీకి తయారైన నర్సు ఆయన్ను వంటింట్లోకి తీసుకెళ్లి సింకు కింద తలుపు తెరిచింది. లోపల బకెట్. సగం దాకా నీళ్లు.

"ఎన్నాళ్లయిందమ్మా ఇది?"

"పదిహేను రోజులు."

"పదిహేను రోజులా! ఒక్క ఫోను కొడితే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదమ్మా!"

వెనకనుంచి తల్లి అందుకుంది. "అందుకేనయ్యా చెయ్యలేదు. ఒకసారి పిలిస్తే ఇక ప్రతి ఆదివారం వస్తావని కింద వాచ్‌మన్ చెప్పాడు. దానికా ఆదివారమొక్కటే సెలవు. అందుకని రోజూ మేమే బకెట్ పారబోసుకున్నాం."

పానాకు తన పాత బకెట్లు గుర్తొచ్చాయి. ఇంటివాడు రాలేదని ఒకప్పుడు తాము బకెట్లు మోశారు. ఇంటివాడు వస్తాడేమోనని వీళ్లు మోశారు. సిగ్గుతో చితికిపోయాడు. ఆ సిగ్గు దాచుకోవడానికి సింకు కింద తల దూర్చాడు. అక్కడ ఇంకోటి కనిపించింది. ప్లాస్టిక్ నట్టు నిట్టనిలువునా చీలి ఉంది.

చెప్పకుండా మార్చేసి పోవచ్చు, వాళ్లకేం తెలుస్తుంది? ఆయన బయటికొచ్చి నట్టు అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇది పాతబడి పోలేదమ్మా. ఇంతకుముందున్నవాళ్ల హయాంలో నేనే ఆదివారం ఆదివారం బిగించీ బిగించీ పగలగొట్టాను. తప్పు నాది."

తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. ఆయనకు కూడా నవ్వొచ్చింది.

పావుగంటలో నట్టు మార్చాడు. బకెట్ కడిగి బోర్లించాడు. స్నానాలగదిలో ఏదో కుళాయి టపటపమంటోంది. చెవి అటే లాగింది, అయినా కాలు కదపలేదు. ముసలావిడ అది కనిపెట్టి, "వెళ్లి చూడు నాయనా, లేకపోతే నీకీ రాత్రి నిద్రపట్టేలా లేదు" అంది.

అదీ అయ్యాక సంచీ సర్దుకుంటూ ధైర్యం కూడగట్టుకుని అడిగాడు. "మాట్లాడాలన్నారు. ఎప్పుడు ఖాళీ చేద్దామనుకుంటున్నారమ్మా?"

"ఖాళీయా?" నర్సు తెల్లబోయింది. "రెండేళ్లకి అగ్రిమెంట్ రాసిస్తారేమోనని అడుగుదామని పిలిచాను అంకుల్. ఆసుపత్రి ఇంత దగ్గర, అమ్మని చూసుకోడానికి మధ్యలో వచ్చిపోతున్నాను. అయితే మాకు అవసరమైతే మేమే పిలుస్తాం. ఆ ఒక్క మాటా మీరివ్వాలి. ఇంకోటి, మిమ్మల్నడక్కుండా గోడకి మేకులు కొట్టాం."

"మీ ఇంట్లో మీరు మేకు కొట్టుకోడానికి నన్నడగడమేంటమ్మా?" అన్నాడు పానా. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆయనకే ఆశ్చర్యమేసింది.

ఇంటి గుమ్మంలోనే భార్య నిలబడి ఉంది, మెడలో టేపుతో. ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. "ఏమన్నారు?" అంది.

"రెండేళ్ల దాకా పిలవకుండా అటు రావద్దన్నారే."

ఆవిడకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడలో టేపు లాగి ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. "ఆ ముక్క ముందు చెప్పి ఏడవచ్చు కదండీ!" అని, గుమ్మంలోనే కూలబడి నవ్వుతూ ఏడ్చింది.