మేస్త్రి వెంట మణికరణ్‌కు

యాత్రకు వెళ్ళేవాళ్ళ జాబితాలో మా మిల్లు మేస్త్రి పేరు చూసిన రోజే నేనూ పేరిచ్చాను. భక్తితో కాదు. దేవుడి ముందు ఆ మనిషి చేత నిజం చెప్పించాలని.

మాది తమిళనాట సూలూరు దగ్గర నూలు మిల్లు కూలీల లైను. ఎన్ని తరాల కిందటో ఈ నేలకు వచ్చిన కూలి కుటుంబం. ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా నాయన దూది ఏకే కార్డింగ్ మిషను మీద పనిచేసేవాడు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక పొద్దుటి షిఫ్టులో ఆ మిషను ఆయన కుడిచేతి నాలుగు వేళ్ళు లాగేసుకుంది. ఇరుక్కున్న దూదిని మిషను ఆపకుండానే తీయమని చెప్పింది ఆ షిఫ్టు మేస్త్రి. విచారణలో మాత్రం, నాయన తాగి వచ్చాడని చెప్పాడు. నాయన పని పోయింది.

అప్పటికి నాయన పళని గుడికి కాలినడకన పోవడానికి మాల వేసుకుని ఉన్నాడు. మాల మీద తాగినవాడు మాతో నడవకూడదని భజన గుంపు పెద్ద ఇంటికొచ్చి చెప్పాడు. నాయన మాల తీసి అమ్మ చేతికిచ్చాడు. చచ్చేదాకా మళ్ళీ ఏ గుడి గడపా తొక్కలేదు, ఒక్క చుక్కా ముట్టలేదు. వీధి మాత్రం ఆయన్ను తాగుబోతు అనే పిలిచింది.

నేను పెద్దయ్యి అదే మిల్లులో నూలు చుట్టే కోన్ వైండింగ్‌లో చేరాను. రోజూ మేస్త్రి ముఖం చూస్తూ పనిచేశాను. ఆయన రిటైరైన ఏడాదే భజన గుంపు ఉత్తరాది కొండలకు యాత్ర పెట్టుకుంది. ఆయనా, ఆయన భార్యా పేర్లిచ్చారు.

రైలెక్కిన రెండో రోజు, అందరూ పులిహోర పొట్లాలు విప్పుతున్న వేళ, నాయన కథ మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చెప్పాను. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. భార్య తల ఎత్తలేదు. సాయంత్రానికి వాళ్ళ పక్క సీట్లు ఖాళీ అయ్యాయి. ఆ రోజు నాకు తిండి రుచించింది.

జ్వాలాముఖి గుడిలో విగ్రహం లేదు. రాతి సందుల్లోంచి వచ్చే మంటే అమ్మవారు. మిగతావాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు, ఉద్యోగాలు కోరుకుంటున్నారు. ఆ అబద్ధం చెప్పిన నాలుక ఎండిపోవాలని నేను కోరుకున్నాను. నా పక్కనే నిలబడి మేస్త్రి కూడా దణ్ణం పెట్టుకున్నాడు. ఏం కోరుకున్నాడోనని ఆ రాత్రంతా నాకు మంటగా ఉండింది.

మణికరణ్ చేరేసరికి లోయంతా ఆవిరి. పక్కనే నది మంచులా పారుతుంది, ఒడ్డున బుగ్గల్లో నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. మా ఆడవాళ్ళు బియ్యం గుడ్డలో మూటకట్టి ఆ నీళ్ళలో దించి, అన్నం ఉడికిందని పిల్లల్లా మురిసిపోయారు. నేను నేరుగా రాముడి గుడికి వెళ్ళాను. పళ్ళెంలో కర్పూరం వెలిగించి మేస్త్రికి అడ్డం నిలబడ్డాను.

"మేస్త్రీ, మా నాయన ఆ దినం తాగి వచ్చినాడని ఈ కర్పూరం ఆర్పి ప్రమాణం చేసి చెప్పు."

"కోయిల్లో గలాటా వద్దు అమ్మిణీ. అయిపోయిన కథ."

"నీకు అయిపోయింది. మా నాయనకు కాలేదు."

భజన పెద్ద నన్ను కసిరాడు. మా భాష తెలియని అక్కడి పూజారి హారతి అనుకుని, మంట మీద చేతులు చాచి కళ్ళకద్దుకుని నా వంక చూసి నవ్వాడు. మేస్త్రి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

అక్కడి నుంచి గురుద్వారాకు వెళ్ళాం. కాళ్ళు కడుక్కుని, తలకు కొంగు కప్పుకుని, గ్రంథం ముందు నేల మీద నుదురు ఆనించి ఆ నాలుక ఎండిపోవాలనే మళ్ళీ కోరాను. తర్వాత భోజనాలకు వరుసగా నేల మీద కూర్చున్నాం. మేస్త్రి దంపతుల పక్కన మావాళ్ళెవరూ కూర్చోలేదు. తెల్లగడ్డం ముసలాయన ఒకరు వచ్చి నాకు పెట్టినట్టే మేస్త్రికీ రొట్టె పెట్టాడు, ఇంకొకటి తినమని బతిమాలాడు. వీడెవడో తెలిస్తే పెడతావా అని అడగాలనిపించింది. తెలిసినా పెడతాడని ఆయన ముఖం చూస్తేనే అర్థమైంది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఆడవాళ్ళు స్నానం చేసే వేడినీళ్ళ గదిలో మేస్త్రి భార్య నా పక్కకు వచ్చి కూర్చుంది. అన్ని రోజుల్లో ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"ఆ దినం ఇంటికి వచ్చి నాతో అంతా చెప్పినాడు అమ్మిణీ. మిషను నిలపవద్దని చెప్పింది తానేనని. నేనే అన్నాను, ఈ వేల, ఈ పని పోతే మన గతేంది, తాగి ఉన్నాడని చెప్పు అని. ఆ మాట నాది."

ఇరవై ఏళ్ళుగా నేను ఒక్క మనిషినే ద్వేషించాను. ఇద్దరని అప్పుడు తెలిసింది. ఆమె ఏడుస్తోంది. నేను ఓదార్చలేదు.

"ఇదే మాట అందరి ముందర చెప్పు అత్తా," అన్నాను.

చెప్పింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ దిగుతుంటే సీటు కమ్మీ పట్టుకుని నిలబడి, భర్త చెయ్యి లాగుతున్నా ఆపకుండా మొత్తం చెప్పింది. నాయన చేత మాల తీయించిన భజన పెద్ద మొదటి సీట్లో ఉన్నాడు. ఆయన వెనక్కి తిరగలేదు. మేస్త్రి దంపతులూ, భజన పెద్దా మా ఇంటికి వచ్చి మా అమ్మతో చెప్పాలని నేను అడిగాను. బస్సులో ఎవరూ కాదనలేదు.

ఊరు చేరిన నాలుగో రోజు పొద్దున ముగ్గురూ వచ్చారు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో ఉన్నారు. గడప మీదికి రాబోయిన మేస్త్రిని అమ్మ ఆపింది.

"లోపలికి రావద్దు. వీధిలోనే నిలబడి చెప్పు."

"ఆయన తాగలేదు. నేను చెప్పింది అబద్ధం," అన్నాడు మేస్త్రి.

"వాళ్ళకు వినబడలేదు. మళ్ళీ చెప్పు."

ఆయన కొళాయి వైపు తిరిగి మళ్ళీ చెప్పాడు. జాలి కలుగుతుందేమోనని నేను ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను. కలగలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలికైనట్టు మాత్రం అనిపించింది. అది పాపమైతే అవనీ.

భజన పెద్ద ఏదో చెప్పబోయాడు. అమ్మ వినకుండా తలుపు వేసేసింది. ఆ వారంలో, నాయనను తాగుబోతు అన్న వీధివాళ్ళు ఒకరొకరే పలకరించడానికి వచ్చారు. అమ్మ వాళ్ళెవరికీ తలుపు తీయలేదు. నన్నూ తీయనివ్వలేదు.