లోవమ్మ వేషం, టర్కీ పులుసు

యానాంలో చేపలమ్మే లోవమ్మ వీధి మొదట్లో కేకేసిందంటే వీధి చివర నిద్రపోతున్న పిల్లి లేచి కూర్చుంటుంది. ఆ గొంతే ఆవిడకి అరవయ్యో ఏట నాటకంలో వేషం తెచ్చిపెట్టింది. చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకం వేయించేది ఉదయభాస్కర్ మాస్టారు. ఈసారి తూర్పు దేశపు జ్ఞానుల వేషాలు కట్టే ముగ్గురిలో ఒకాయన మంచం పట్టాడు. మైకు మొరాయించినా వెనక వరుసకి వినిపించే మనిషి కావాలని మాస్టారు లోవమ్మనడిగారు. “నాకెందుకండి ఇయ్యన్నీ” అనబోయింది గాని, మళ్ళీ అడగరేమోనని భయమేసి ఆ మాట సగంలోనే మింగేసి ఒప్పేసుకుంది.

లోవమ్మకి నాటకాల పిచ్చి చిన్నప్పటిది. తీర్థాల్లో ఎన్నో నాటకాలు చూసింది, వచ్చి ఇంట్లో అందరి వేషాలూ ఒక్కతే కట్టింది. స్టేజీ ఎక్కే యోగం మాత్రం పట్టలేదు. ఇప్పుడు జనపనార గడ్డం ఇంటికి తెచ్చుకుని, అద్దం ముందు పెట్టుకుని చూసుకుని, మొగుడు పల్లంరాజు కంటే తానే మగాడిలా ఉన్నానని తేల్చేసింది. ఆ వేషానికి ఉన్నది ఒక్కటే మాట. రాజుగారి కొలువులోకి వెళ్ళి, కొత్తగా పుట్టిన బాలుడెక్కడని అడగాలి. ఆ ఒక్క మాటా రొయ్యలు వలుస్తూ కూడా వల్లించేది.

ఇంతలో వచ్చిపడింది టర్కీ కోడి. మాస్టారికి నిడదవోలు స్నేహితుడొకరు పంపారు. నాటకం అయ్యాక చర్చి పెద్దలకి ఆయనింట్లోనే భోజనం. ఆ పక్షిని వండే ధైర్యం ఊళ్ళో లోవమ్మకి తప్ప ఇంకెవరికుంది? నాటకం పొద్దున్న, భోజనం మధ్యాహ్నం. అది ఉడకడానికే ఒక పూట పట్టేలా ఉంది. పొయ్యి దగ్గరుంటే వేషం పోతుంది, వేషం కడితే పొయ్యి ఆరిపోతుంది.

మాస్టారు ఫోనులో వీడియో చూపించారు. అందులో టర్కీ కోడిని నిలువునా ఓవెన్‌లో పెట్టి కాల్చారు. లోవమ్మ పెదవి విరిచి, లోపల ముక్కకి ఉప్పు పట్టినట్టు లేదంది.

“పులస పులుసు వండిన పూట ఎవరైనా తింటారాండి? తెల్లారితేనే కదండి రుచి. దీన్నీ అలాగే ముందురోజే వండేస్తానండి. పొద్దున్న వెచ్చబెట్టుకోడమే” అంది.

మాస్టారు మరో దారి లేక తలాడించారు.

ముందురోజు పొద్దున్నే పల్లంరాజు కోడిని కోసి శుభ్రం చేసి ఇచ్చాడు. రెండు పెద్ద మట్టి దాకల్లో పిడకల నిప్పు మీద పులుసు పెట్టింది లోవమ్మ. గరిటె పెడితే ముక్క చితుకుతుందని, దాక అంచు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా కదుపుతూ, నడుమ నడుమ గడ్డం సర్దుకుంటూ వండింది. అవును, గడ్డం పెట్టుకునే వండింది. అలవాటు కావాలట. చింతపండు, అల్లం, ఆవకాయ మీద తేరిన నూనె అన్నీ పడ్డాక వీధి వీధంతా ముక్కులు ఎగబీల్చింది. సాయంత్రానికి పులుసు దించి, మూతలు పెట్టి, ఆఖరి రిహార్సలుకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి ఒక దాక ఖాళీ. రెండోదాంట్లో మెడ ముక్కా, నాలుగు ఎముకలూ, అడుగున పులుసూ మిగిలాయి.

పల్లంరాజు గుమ్మంలో కూర్చుని చాలా తృప్తిగా ఉన్నాడు. ఆ వీధిలో ఒక పద్ధతుంది. అరుదైన చేప దొరికి పులుసు పెడితే, ఇంటివాళ్ళు ముట్టుకోకముందే ఇంటికో గిన్నె పంపాలి. చేపకున్న మర్యాద కోడికి మాత్రం ఎందుకుండదనుకున్నాడు ఆ మహానుభావుడు. అంత పెద్ద కోడి, ఎంత పంచినా మిగులుతుందని ధీమా. పైగా ప్రతి ఇంట్లోనూ రేపు మా ఆవిడ స్టేజీ ఎక్కుతోందని చెప్పి మరీ పోసొచ్చాడు.

“ఏం మనిషివయ్యా నువ్వు. ఇంక నాకు వేషమెక్కడిది” అంది లోవమ్మ. ఆ గొంతు చాలా చిన్నగా వచ్చింది. పెళ్ళయ్యాక ఆవిడ అంత మెల్లగా మాట్లాడటం పల్లంరాజు ఎప్పుడూ వినలేదు, అందుకే హడలిపోయాడు. గడ్డం విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టింది తిరిగి అడగడం కంటే తలవంపు ఇంకోటి లేదు. తెల్లారి నాటుకోళ్ళు కొని మళ్ళీ వండాల్సిందే. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

సంగతి చెవినబడి ఎదురింటి చిన్నమ్మాయి వచ్చింది. పేరుకి చిన్నమ్మాయి, వయసుకి వీధిలో అందరికన్నా పెద్ద.

“పులుసు దించిన పూట తినేసే తెలివితక్కువోళ్ళు ఈ వీధిలో ఎవరున్నారే? అందరిళ్ళలోనూ ఉట్టి మీదుంది. నువ్వు తీసుకోకు, మేం ఇవ్వం. రేపు మేమే పట్టుకొత్తాం. నువ్వు గడ్డం పెట్టుకో” అంది.

మర్నాడు లోవమ్మ స్టేజీ ఎక్కేసరికి ఎదురుగా వీధంతా కూర్చునుంది. ఒక్కొక్కరి ఒళ్ళో మూతబెట్టిన గిన్నె. మాస్టారు పిలిచింది పదిమందిని, వచ్చింది వీధెడు జనం, తెచ్చింది మాత్రం ఆయన కోడినే. అందరూ తన కోసమే వచ్చారని తెలియగానే లోవమ్మకి గుండె పొంగి, వల్లించిన మాట కాస్తా గోదాట్లో కలిసింది. సింహాసనం మీద హేరోదు రాజు, అంటే కిరాణా కొట్టు గణేష్‌బాబు, కళ్ళెర్రజేసి చూస్తున్నాడు. చివరికి తన మాటే తాను చెప్పేసింది.

“అయ్యా, మేం చాలా దూరం నుంచి వచ్చామండి. కొత్తగా పుట్టిన బాబుగారు ఏ ఇంట్లో ఉన్నారో కాస్త చెబుతారాండి?”

గణేష్‌బాబు పసివాళ్ళని చంపించే రాజు, గర్జించాలి. కానీ అంత మర్యాదగా అడిగిన పెద్దావిడ మీద గర్జించడానికి ఏ గోదారి మనిషికి నోరొస్తుంది? కత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

“అయ్యో, అంత దూరం నుంచాండి? ముందు కూర్చోండి, మంచినీళ్ళు తెప్పిస్తాను” అన్నాడు.

చర్చి నవ్వుతో ఊగిపోయింది. మాస్టారు తల పట్టుకున్నవారల్లా తానూ నవ్వేశారు. లోవమ్మ మాత్రం నవ్వలేదు. గడ్డం సవరించుకుని, రాజుగారి సింహాసనం మీద దర్జాగా కూర్చుని, మంచినీళ్ళ కోసం చెయ్యి చాపింది.