నీళ్లు తాగని ధోవతి ముక్క

చిక్కడపల్లిలో కిరాయికి ఉన్న రోజులవి. మామగారి పాత ధోవతులను అత్తగారు ముక్కలుగా చింపి, ఉతికి, ట్రంకు పెట్టెలో మూట కట్టి పెట్టేవారు. పాప కింద పరవాలన్నా, జ్వరమొస్తే తడిగుడ్డ వేయాలన్నా అవే. నారాయణగూడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మా ఆయన కన్ను ఆ మూట మీద పడింది. కొత్త బట్టకు గంజి ఉంటుందట, తన పరిశోధనకు పనికిరాదట. నాలుగు ముక్కలు పట్టుకెళ్లారు.

వాటిని ఏం చేస్తారో అన్నం తింటూ చెప్పారు. పత్తి అంటే సెల్యులోజ్. దాని పోగుల మీద నీటిని పట్టుకునే పరమాణువుల గుంపులుంటాయి. రసాయనంతో వాటికి కొవ్వు గొలుసులు తగిలిస్తే నీళ్లు జారిపోతాయి. చూపుకూ చేతికీ మాత్రం పాత ధోవతే. నేను పప్పు వడ్డిస్తూ ఊకొట్టాను.

పనయ్యాక ముక్కలు తెచ్చి కుర్చీ మీద పడేశారు. గుడ్డ పారేయడం అత్తగారికి ఇంటావంటా లేదు. ఉతికి, మడిచి, మళ్లీ మూటలో పైనే పెట్టేశారు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా రెండేళ్ల పాపకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆయన డాక్టరు కోసం అశోక్ నగర్ పరిగెత్తారు. నేను చేతికందిన ముక్క గిన్నెలో వేశాను. తేలింది. నొక్కి పైకి తీస్తే నీళ్లు చుక్కలుగా దొర్లిపోయాయి. గట్టిగా పిండినా తడి లేదు. ఇంకో ముక్కా అంతే. అత్తగారిని కేకేశాను.

“అయ్యో, గిదేంది బిడ్డా! గుడ్డ నీళ్లు తాగుతలేదు!” అంటూ అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

అప్పుడే ఆయన వచ్చారు. డాక్టరు వెనకాలే వస్తున్నారన్నారు. నా చేతిలో గుడ్డ చూడగానే ఆయన కళ్లు మెరిశాయి.

“ఉతికినా రసాయనం పోలేదా! అమ్మా, ఎన్నిసార్లు ఉతికినవ్?”

పక్కన పాప మూలుగుతోంది. ఆ మనిషి గుడ్డను కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నాడు.

“పిల్ల పెయ్యి కాలిపోతుంటే మీకు గుడ్డ ముచ్చటనా?” అని అరిచాను. పెళ్లయ్యాక ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆయన ముఖం పాలిపోయింది. గుడ్డ వదిలేసి, చొక్కా విప్పి, ఒంటి మీది బనీను తీసి గిన్నెలో పడేశారు. అది వేసీ వేయగానే నానిపోయింది. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు.

డాక్టరు వచ్చి మందిచ్చి వెళ్లారు. సాయంత్రం పాప కళ్లు తెరిచి నీళ్లడిగేదాకా, ఆయన ఆ బనీనునే తడుపుతూ నుదుటి మీద వేస్తూ కూర్చున్నారు. ఎన్నిసార్లు ఉతికారని మళ్లీ అడగలేదు.